తాతయ్య బెంజి లారీని బతికించిన పాత బండ్ల మిత్రులకు కృతజ్ఞతలు

పాత లారీలు, బస్సులు, వ్యాన్లంటే ప్రాణం పెట్టే మన క్లబ్బు సభ్యులందరికీ నమస్కారం. పోయిన ఆదివారం తెనాలి శివారులోని మా మిల్లు ఆవరణలో తాతయ్య లారీ తన ఇంజనుతో తానే కదిలి, ఒక చుట్టు తిరిగి, తన బ్రేకులతో తానే ఆగింది. వచ్చినవాళ్లందరికీ ఉప్మా, కాఫీ పెట్టగలిగాం కానీ ఎవరికి దేనికి రుణపడ్డామో కుదురుగా చెప్పే తీరిక ఆ సందడిలో దొరకలేదు. అందుకే ఈ నాలుగు మాటలు. పేర్లు రాయవద్దని చాలామంది ముందే షరతు పెట్టారు. చేసిన పనిని బట్టి ఎవరు ఎవరో మీరు ఇట్టే పోల్చుకుంటారు.

కొత్తగా చేరినవారి కోసం బండి సంగతి కొంచెం చెప్పాలి. ఇది టాటా మెర్సిడెస్ బెంజ్ ఎల్ 312, 1959 మోడల్. టాటా వారి కంపెనీ టెల్కో 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో తయారుచేసిన లారీల్లో ఒకటి. 1969లో ఒప్పందం ముగిశాక టాటా బండ్ల ముందు భాగాన బెంజ్ గుర్తైన మూడు కోణాల నక్షత్రం కనబడకుండా పోయింది. మా బండికి అది ఇంకా ఉంది. ఒకాయన లారీ వద్దు, ఆ నక్షత్రం ఒక్కటే ఊడదీసి ఇస్తే చాలని బేరం కూడా ఆడాడు. తాతయ్య ఈ బండితో కొత్తగూడెం నుంచి సింగరేణి బొగ్గు తెచ్చి గుంటూరు జిల్లాలో పొగాకు కాల్చే కొట్టాలకు, అంటే బ్యారన్లకు దింపేవారు. ఆకు కాల్చే రోజులు అయిపోతే బియ్యం బస్తాలు. నాన్న హయాంలో కొత్త బండ్లు వచ్చాక దీన్ని ఊక షెడ్డు పక్కన పెట్టేశారు. తాతయ్య ఉన్నంతకాలం దాన్ని అమ్మే మాట ఎవరూ ఎత్తలేదు.

ఆయన పోయాక తుక్కు వ్యాపారి రానే వచ్చాడు. తూకం లెక్కన ధర చెప్పాడు, మంచి ధరే. పాత కారుకు ఎవరో ఒకరు ముచ్చటపడతారు, పెళ్లి ఊరేగింపుకైనా అడుగుతారు. లారీ సంగతి అలా కాదు. ఇనుము ఎక్కువ, ముచ్చటపడేవారు తక్కువ, పెట్టుకోవడానికి చోటు అంతకన్నా తక్కువ. రోడ్లు, ఊళ్లు, పంటలు వీటి మీద నడిచాయి కానీ మిగిలినవి మాత్రం కార్లే. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్లు రద్దు కావడంతో ఫైరింజన్లు, అంబులెన్సులు, పాత బస్సులు కూడా అదే దారి పట్టాయి. మా బావ అయితే అడ్వాన్సు తీసుకుందామన్నాడు.

మొదటి కృతజ్ఞత, నేను క్లబ్బులో పెట్టిన బండి ఫోటో చూసిన సాయంత్రమే గుంటూరు నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చిన మాటడోర్ వ్యాను మిత్రుడికి. ఆయన కాఫీ కూడా తాగకుండా గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరారు. చిన్న సుత్తితో చాసిస్, అంటే బండి అడుగు చట్రం పొడవునా తడుతూ, ప్రతి దెబ్బకీ చెవి ఒగ్గి విన్నారు. లోపల తుప్పు తినేసిన చోట ఇనుము మొద్దుగా మోగుతుందట. పైకి లేచి, చొక్కా దులుపుకుని, నాతో కాకుండా నేరుగా బావతో అన్నారు: "చాసిస్ గట్టిగా ఉందండీ. దీన్ని కోయిస్తే మీకు వచ్చే డబ్బు ఒక పెళ్లి భోజనానికి సరిపోతుంది." బావ ఆ మాటకు నొచ్చుకున్నాడు. మర్నాడు షెడ్డు తాళం చెవి తెచ్చి నా చేతిలో పెట్టింది కూడా తనే.

ఇక ఇంజను. ఇది ఆరు సిలిండర్ల ఓఎం 312, నాలుగున్నర లీటర్ల పైచిలుకు. పాతకాలపు డీజిల్ కాబట్టి చల్లగా ఉన్నప్పుడు లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్గులు వేడెక్కితే గాని అంటుకోదు. డాష్‌బోర్డు మీద చిల్లుల బిళ్ల వెనక ఒక తీగ ఉంటుంది. అది ఎర్రబడితే లోపల ప్లగ్గులు సిద్ధమని గుర్తు. మాకు ఆ తీగ ఎంతకీ ఎర్రబడలేదు. ఈ రకం ప్లగ్గులన్నీ ఒకే వరుసలో ఒకదాని వెనక ఒకటిగా కలిపి ఉంటాయి. ఒక్కటి కాలిపోతే ఆరింటికీ కరెంటు ఆగిపోతుంది. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో పాత సరుకు అమ్మే దుకాణాల అటకలు వెతికి, మైనపు కాగితంలో చుట్టి ఉన్న ప్లగ్గులు పట్టుకొచ్చిన అన్నదమ్ములిద్దరికీ దండాలు. సరిపోయినవి బిగించాక కూడా కొన్ని మిగిలాయి, వాటి సంగతి చివర్లో చెబుతాను.

ఇంజను అంటుకుంది. కానీ కుదురుగా తిరగదు. పైకి ఎగరడం, ఆగిపోతుందేమోనన్నంతగా పడిపోవడం, మళ్లీ ఎగరడం. వెనక నల్లటి పొగ. ఒకరు ఇంజెక్టర్లన్నారు, ఒకరు డీజిల్ పంపు లోపలి ఎలిమెంట్లు అరిగాయన్నారు, ఇంకొకరు ఏకంగా వేరే ఇంజను దించేద్దామన్నారు. ఈ దశలో విజయవాడ ఆటోనగర్ నుంచి పంపు షాపు పెద్దాయన వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. ఏ పానా అడగలేదు. ఇంజను ఆపించి, పంపు వెనక గుండ్రటి డబ్బాలా ఉండి ఇంజను వేగాన్ని అదుపులో పెట్టే గవర్నర్‌కు తగిలే సన్న గొట్టం చేత్తోనే విప్పారు. ఇంజను ఆపే స్టాప్ లివర్ చివరిదాకా నెట్టి, గొట్టం విప్పిన రంధ్రాన్ని బొటనవేలితో గట్టిగా మూసి, లివర్ వదిలేశారు. అది టక్కున మొదటి చోటుకి వచ్చేసింది. "తోలు పోయింది" అన్నారు, అంతే.

అర్థం కాక మేమందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటే అప్పుడు విడమరిచి చెప్పారు. ఆ డబ్బాలో పలచటి తోలు పొర ఒకటి ఉంటుంది. ఇంజను గాలి పీల్చుకునే దారి ఒకచోట సన్నబడుతుంది, అక్కడ పుట్టే వాక్యూం గొట్టం గుండా వచ్చి ఈ పొరను లాగి పట్టుకుంటుంది. పొర పంపులోని రాక్ అనే కడ్డీని కదుపుతుంది, దాన్ని బట్టే సిలిండర్లకు ఎంత డీజిల్ పోవాలో తేలుతుంది. పొర బాగుంటే, రంధ్రం మూసినప్పుడు లివర్ కొద్దిగా కదిలి అక్కడే నిలవాలి. మాది ఏళ్ల తరబడి ఎండి, మడత దగ్గర చీలింది. పట్టు నిలవదు కనుక ఇంజను ఊగిపోతోంది. ఆయన దగ్గర పాత డబ్బాలో తోలు పొర ఒకటి దొరికింది. దాన్ని నూనెలో నానబెట్టి మెత్తబరిచి వేశారు. రబ్బరు ముక్క కోసి వేద్దామన్న కుర్రవాడిని ఆయన చూసిన చూపు నేను మరచిపోలేను. పంపును తన షాపులో బల్ల మీద పెట్టి కొలత సరిచేసి ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు. ఒక బస్తా సాంబమసూరి మాత్రం ఆటోలో వేసి పంపాం, తిరిగి పంపలేదు కాబట్టి స్వీకరించినట్టే.

బ్రేకుల పని అంతా ఆర్టీసీలో ఫోర్‌మన్‌గా రిటైరైన పెద్దాయన దగ్గరుండి చేయించారు. లైనింగులు, గొట్టాలు అన్నీ కొత్తవి. పని మధ్యలో ఆయన చెప్పే కబుర్ల కోసమే కొందరు వచ్చేవారు. 1932లో నిజాం రాష్ట్రంలో 27 బస్సులతో మొదలైన రవాణా శాఖ, ఆ కాలపు స్కాట్లాండ్ ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాద్‌లో ఇప్పటికీ మిగిలి ఉండటం గురించి ఆయన చెబుతుంటే, ఏదో తన సొంత ఇంటి బండి ముచ్చటలా ఉండేది. బ్రేకు పట్టే వరకు బండిని అంగుళం కదపనివ్వలేదు, అందుకు మా అమ్మ ఆయనకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పమంది.

అసలు గొడవ కేబిన్ దగ్గర వచ్చింది. క్లబ్బులో మాటల యుద్ధం జరిగిన సంగతి అందరికీ తెలిసిందే కనుక దాచడం ఎందుకు. కుర్ర సభ్యులు కొందరు జర్మనీ బండ్ల ఫోటోలు తెచ్చి, గుండ్రటి ఇనుప కేబిన్ కట్టిద్దాం, ఫ్యాక్టరీ రంగు వేయిద్దాం అన్నారు. వారి ఉద్దేశం మంచిదే. కానీ మన లారీలు ఆ రోజుల్లో ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చేవి? ముందు బానెట్టు, వెనక వట్టి చాసిస్. డ్రైవరు చెక్కపెట్టె మీద కూర్చుని, తలకు తువ్వాలు చుట్టుకుని, ఎండావానా భరిస్తూ జంషెడ్‌పూర్ నుంచి తోలుకొచ్చేవాడు. కేబిన్, తొట్టి, సీటు, రంగు, రాతలు అన్నీ ఇక్కడి వడ్రంగులు, రేకు పనివారు, పెయింటర్లు చేసినవే. కాబట్టి జర్మనీ కేబిన్ ఈ బండికి ఏనాడూ లేదు. అది కట్టిస్తే మనం బండిని బాగుచేసినట్టు కాదు, లేని చరిత్ర ఒకటి అతికించినట్టు. ఈ మాట మొదట అన్నది నేను కాదు, మంగళగిరి నుంచి వచ్చిన బాడీ మేస్త్రి. "మా వాళ్ల పని పీకేసి బొమ్మ చూసి కడతారా?" అని అడిగారాయన. ఆ తర్వాత ఎవరూ ఆ జర్మనీ ఫోటోలు బయటికి తీయలేదు.

మేస్త్రి చెక్కలన్నీ ఉలి మొనతో గుచ్చి చూశారు. టేకు ఫ్రేము చాలావరకు చెక్కుచెదరలేదు. చెదలు తిన్న కింది పట్టీలు, తలుపు అడుగు మాత్రం తీసి నల్లమద్ది వేశారు. కొత్త ముక్క ఎక్కడ అతికిందో లోపలి వైపు రంగు వేయకుండా వదిలేశారు, రేపు ఎవరైనా చూస్తే ఏది పాతదో ఏది కొత్తదో తెలియాలని. ఇంత ఆలోచన నాకైతే వచ్చేది కాదు. సీటు రెగ్జిన్ కుట్టిపెట్టిన ఒంగోలు అక్కకు, ఆ కుట్టు మిషను మోసుకొచ్చిన వాళ్లాయనకు కూడా నమస్కారాలు.

పెయింటరు గారి పని చూసి తీరాలి. నీళ్లు చల్లుకుంటూ ఎమెరీ కాగితంతో ఒక్కో పొరా తీస్తే, అద్దం పైన చెక్క మీద ఆకుపచ్చ కింద ఎరుపు, ఎరుపు కింద పసుపు, ఆ పసుపు మీద నల్లటి అక్షరాలు బయటపడ్డాయి: పబ్లిక్ క్యారియర్. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలో పబ్లిక్ క్యారియర్, ప్రైవేట్ క్యారియర్ అని పర్మిట్లు వేరుగా ఉండేవి. అద్దెకు ఎవరి సరుకైనా మోసేది పబ్లిక్, సొంత సరుకు మోసుకునేది ప్రైవేట్. 1988 చట్టంతో ఆ తేడా పోయింది. ఇప్పటి పిల్లలకు ఆ రాత అర్థం కూడా కాదు. దాన్ని చెరపకుండా, మీద కొత్త రంగు పులమకుండా, పలచటి వార్నిష్ మాత్రం పూసి నిలబెట్టారు. మిగతా కేబిన్‌కు వేసిన పసుపు ఆ పొరను చూసి కలిపిందే. ఎంతసేపు కలిపారో! డబ్బా మూతల మీద చుక్కలు వేసి, ఎండలో ఆరబెట్టి, పాత చెక్క పక్కన పెట్టి చూడటం, తల అడ్డంగా ఊపడం, మళ్లీ కలపడం.

కాగితాల విషయంలో సాయపడిన వకీలు మిత్రుడికి వేరుగా చెప్పాలి. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన బండికి 20,000 రూపాయల రుసుముతో పదేళ్ల రిజిస్ట్రేషన్, నంబరులో వీఏ అక్షరాలు. చదివి సంబరపడ్డాం. ఆయన నిబంధనలు ముందేసుకుని చల్లగా చెప్పారు: ఇవి సొంత వాడకం ద్విచక్ర వాహనాలను, కార్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి, జీవితమంతా బరువులు మోసిన లారీ వీటిలో ఇమడదు. అందుకే ఆదివారం బండి మిల్లు గేటు దాటలేదు. ప్రదర్శనకు తీసుకెళ్లాలంటే ట్రెయిలర్ మీదే. బ్రిటన్‌లో పాత కమర్షియల్ బండ్ల సంఘం 1958లోనే పుట్టింది. అక్కడ లారీలు, బస్సులు, ఫైరింజన్లు ఏటా లండన్ నుంచి బ్రైటన్ దాకా రోడ్డు మీద బారులు తీరి వెళ్తాయి. మన దగ్గర కూడా నిబంధన మార్చమని అడగడానికి వకీలు గారు వినతిపత్రం రాస్తున్నారు. సంతకాలకు వచ్చినప్పుడు దయచేసి ఎవరూ తప్పించుకోవద్దు.

దసరాకు ఆయుధపూజ మా షెడ్డులోనే. మీ బండ్లు తెచ్చుకోండి. ఫార్గో, బెడ్‌ఫోర్డ్, మూడు చక్రాల టెంపో, ఏదైనా సరే, చెట్టు కింద నీడ ఉంది. శవ వాహనంగా తిరిగిన వ్యాను ఉన్న మిత్రుడు, తెస్తే ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడుతున్నారు. మా నాన్నమ్మను అడిగాను. "అదీ బండే కదా, దానికీ కొబ్బరికాయ కొడదాం" అంది. కాబట్టి తప్పక తీసుకురండి.

మా దగ్గర మిగిలిన సామాను: ఓఎం 312కు సరిపోయే గ్లో ప్లగ్గులు కొన్ని, ముందు అద్దం ఫ్రేము ఒకటి, పాత డైనమో, 8.25-20 సైజు టైర్లకు రెండు రిమ్ములు. మన సభ్యుల్లో ఎవరి బండికి పనికొస్తాయో చెబితే పార్శిల్ చేస్తాను. డబ్బు ఊసు వద్దు. అద్దం ఫ్రేము కాస్త వంకర పోయింది, చూసుకుని తీసుకెళ్లండి.