నీళ్లు మోసే పిల్లకి

విజయనగరం,
ఆదివారం రాత్రి.

అమ్మలూ,

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. మేడ మెట్లు ఎక్కొద్దంటే వినదు. నువ్వు లేవన్న లోటు తప్ప సిరిమాను పండగ బాగానే జరిగింది. మూడు లాంతర్ల దగ్గర ఎప్పుడూ నిలబడే అరుగు మీదే నిలబడి చూశాం.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "రేసు గెలవడానికి కాదంట నాన్నా, ఇంకొకమ్మాయికి నీళ్లు మోయడానికంట నన్ను తీసుకున్నది" అన్నావు. నేనేదో సర్దిచెప్పబోతే "నీకేటి తెలుసు దాని గురించి" అని పెట్టేశావు. కోపం రాలేదులే. నిజంగానే నాకేం తెలుసు? ముప్పై నాలుగేళ్లు గూడ్సు బండి చివర బ్రేకు వ్యాన్‌లో కూర్చున్నవాణ్ణి. అందుకే ఆ రోజు నుంచి భోజనం అయ్యాక ఫోన్లో పాత సైకిలు రేసులు చూస్తూ కూర్చుంటున్నాను. రోజూ డేటా అయిపోతోంది. "ఈ వయసులో ఈ పిచ్చేటి" అంటూనే అమ్మ కూడా పక్కన చేరుతోంది. నాకు అర్థమైనంత రాస్తాను, తప్పులుంటే నవ్వుకో.

అందరూ గుంపు ముందు భాగం చూస్తారు కదా, నా కళ్లు అలవాటు కొద్దీ వెనక్కి పోయాయి. అక్కడ ఇంకో ఊరేగింపే నడుస్తోంది. రేసు అధికారి కారు, డాక్టరు కారు, ఆ వెనక బారులు తీరి జట్ల కార్లు. టూర్ ద ఫ్రాన్స్ అని ఫ్రాన్స్‌లో రోజుకో దూరం చొప్పున మూడు వారాలు సాగే పెద్ద రేసు ఉంది. అందులో ఇరవైకి పైగా జట్లు, జట్టుకి 8 మంది రైడర్లు. ప్రతి జట్టుకీ రెండేసి కార్లు. గుంపును వదిలి ముందుకు పోయినవాళ్ల వెనక రెండో కారు వెళ్తుంది. మన సిరిమాను ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ఎవరి చోట అవి నడిచినట్టే ఈ కార్లకీ ఒక వరస ఉంది. అది పలుకుబడిని బట్టి ఇచ్చేది కాదు. జట్టులో అందరికంటే ముందున్న రైడరు మొత్తం లెక్కలో ఎన్నోవాడో చూసి కారుకి నెంబరు ఇస్తారు. లీడరు పైనుంటే కారు ముందు వరసలో ఉంటుంది. కిందుంటే ఎక్కడో ఇరవయ్యో చోట ఉంటుంది. అలాంటి జట్టువాడికి పంక్చరైతే, తన కారు వచ్చేదాకా చక్రం పట్టుకుని రోడ్డు పక్కన నిలబడాల్సిందే. అంటే లీడరు బాగా తొక్కితే జట్టులో చిట్టచివరి పిల్లకి కూడా చక్రం తొందరగా అందుతుంది. ఈ లెక్క నాకు భలే నచ్చింది.

ఆ కారు నడిపే జట్టు డైరెక్టర్లు చాలామంది ఒకప్పుడు రేసులు తొక్కినవాళ్లే. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో మైకు. ఎదురుగా బుల్లి టీవీలో రేసు వస్తుంటుంది. నిర్వాహకుల రేడియో ఒకటి ఆగకుండా చెబుతూ ఉంటుంది: ముందు ఎవరు పోయారు, ఎంత తేడా, ఎక్కడ పడ్డారు, ఏ నెంబరు వాడు కారు కోసం చెయ్యెత్తాడు. అది అన్ని కార్లకీ ఒకటే. తమ పిల్లలతో మాట్లాడుకునే రేడియో వేరే. వెనక సీట్లో మెకానిక్ చక్రాలు పక్కన పెట్టుకుని సిద్ధంగా ఉంటాడు. కారు ఆగేలోపే తలుపు తీసుకుని దూకేస్తాడు. పైన సైకిళ్లు కడతారు కదా, అందులో లీడరు సైకిలు అంచున, చెయ్యి వేస్తే అందేచోట ఉంటుంది. అమ్మకి బాగా నచ్చినది మాత్రం ఐసు సంగతి. ఎండ రోజుల్లో నైలాన్ మేజోడులో ఐసుముక్కలు నింపి, ముడివేసి, రైడరు మెడ వెనక జెర్సీలో పడేస్తారట. "మే నెలలో మీ నాన్నకీ అదే చెయ్యాలి" అంది.

ఇక నీళ్ల సంగతి. ఒకడు గుంపులోంచి వెనక్కి జారతాడు. అధికారి సరేనంటే వాళ్ల కారు ముందుకొస్తుంది. కిటికీ పక్కనే తొక్కుతూ ఒక్కొక్క సీసా అందుకుని వీపు జేబుల్లో, మెడ వెనక, చొక్కా లోపల కుక్కుకుంటాడు. ఆరు, ఏడు, ఎనిమిది. గూనివాడిలా తయారై, ఆ బరువుతో మళ్లీ గుంపును అందుకుని, మనిషి మనిషికీ పంచిపెట్టి, తన వంతు గాలికి ఎదురు తొక్కడానికి ముందుకు పోతాడు. రోజుకి ఎన్నిసార్లో! నేను ఒక్కసారి చూసినందుకే ఆయాసం వచ్చింది. ఫ్రెంచివాళ్లు ఇతన్ని డొమెస్టిక్ అంటారు, ఇంట్లో పనివాడని అర్థం. 1911లో టూర్ నడిపే పెద్దమనిషి దెగ్రాంజ్ ఒక రైడరును తిట్టడానికి వాడిన మాట అది. ఇప్పుడు అదే ఉద్యోగం పేరు. వాళ్ల భాషలో ఇంకో పేరు కూడా ఉంది. దాన్ని తెలుగులోకి తిప్పితే అచ్చం నువ్వన్న మాటే వస్తుంది, నీళ్లు మోసేవాడు అని.

సీసా ఇచ్చే వంకతో మోసాలూ ఉన్నాయి. రైడరు సీసాని వదలడు, లోపలివాడూ వదలడు, ఈలోగా కారు కాస్త స్పీడు పెంచుతుంది. చూసీచూడనట్టు పోతారు గానీ మితిమీరితే జరిమానా వేస్తారు. 2015లో స్పెయిన్ రేసులో నిబాలి అంతటివాణ్ణి కారు పట్టుకుని ముందుకు పోయాడని ఇంటికి పంపేశారు. అప్పటికి ఏడాది ముందే టూర్ గెలిచినవాడు ఆయన.

ఈ కార్లే లేని కాలం ఒకటుంది. 1913 టూర్‌లో యూజీన్ క్రిస్టోఫ్ అనే ఆయన తుర్మలే కొండ దిగుతుంటే సైకిలు ముందు ఫోర్కు విరిగింది. ఎవరి సాయమూ తీసుకోకూడదన్నది అప్పటి రూలు. సైకిలు భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, కింద ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గర తన చేత్తోనే ఫోర్కు అతుక్కున్నాడు. అధికారులు పక్కనే నిలబడి చూశారు. చేతులు ఖాళీ లేక కొలిమి తిత్తి మాత్రం ఒక కుర్రాడి చేత ఊదించాడు. దానికి ఆయన టైముకి కొన్ని నిమిషాలు కలిపి శిక్ష వేశారు! మీ తాత బతికుంటే ఈ కథ విని ఆ అధికారులకి మన భాషలో నాలుగు తగిలించేవాడు.

1934 టూర్‌లో రెనే వియెట్టో కథ ఇంకో రకం. ఇరవయ్యేళ్ల కుర్రాడు. లీడరు చక్రం పాడైతే తన చక్రం తీసి ఇచ్చేసి, గోడ మీద కూర్చుని ఏడ్చాడు. ఆ ఫోటో చూశాను. ఆ కుర్రాడి మొహంలో నాకు మొన్నటి నీ గొంతు వినిపించింది. ఇస్తున్నానన్న సంతోషం లేదు అందులో, ఏడుపే. ఏడవడం తప్పని నేను అననులే.

ఇప్పుడు రేడియో సంగతి. దీని గురించైతే నాకు కాస్త తెలుసని చెప్పుకోవచ్చు. 1990ల మొదట్లో మోటరోలా కంపెనీ పేరుతో ఒక జట్టు ఉండేది. రైడర్ల చెవిలో మాట వినిపించడం వాళ్లతో మొదలైంది. తర్వాత అందరూ పెట్టుకున్నారు. డైరెక్టరు చెప్పినట్టు తొక్కే మరబొమ్మలైపోయారని కొందరి గోల. మలుపులో నూనె పడిందని, ముందు ఎవరో పడ్డారని చెప్పకపోతే చచ్చిపోతామని రైడర్ల గోల. 2009 జులై 14న టూర్‌లో ఒక రోజు రేడియో లేకుండా నడిపించి చూశారు. రైడర్లు ఒళ్లు మండి ఆ రోజు చాలాసేపు నింపాదిగా తొక్కి నిరసన చెప్పారు. ఒలింపిక్స్‌లోనూ ప్రపంచ పోటీల్లోనూ మాత్రం చెవిలో రేడియో ఉండదు.

ఉండకపోతే ఏమవుతుందో టోక్యోలో చూశారు. 2021 జులై 25, ఆడవాళ్ల రోడ్ రేసు. ఆస్ట్రియా అమ్మాయి అన్నా కీజెన్‌హోఫర్ మొదట్లోనే గుంపును వదిలి ముందుకు పోయింది. లెక్కల్లో డాక్టరేట్ ఉన్న పిల్ల, అప్పటికి ఏ ప్రొఫెషనల్ జట్టులోనూ లేదు. తనతో వచ్చినవాళ్లు వెనకబడ్డాక ఒక్కతే తొక్కుకుంటూ పోయింది. వెనక గుంపు మిగతావాళ్లని పట్టుకుని, ఇక ముందు ఎవరూ లేరనుకుంది. డచ్ అమ్మాయి వాన్ వ్లూటెన్ చేతులు పైకెత్తి, గెలిచాననే ఆనందంతో గీత దాటింది. అప్పటికి ఒకటింబావు నిమిషం ముందే ఆ లెక్కల పిల్ల బంగారు పతకం గెలిచేసింది. ఈ వీడియో మూడుసార్లు చూశాను. మూడోసారి నాకు అనిపించింది, ఆ గుంపులో ఎవరో ఒకరు వెనక్కి జారి, కారు దగ్గరికి పోయి, సరైన మాట ఒకటి పట్టుకొచ్చి ఉంటే? తెస్తే వాళ్లు పట్టుకునేవారో లేదో నేను చెప్పలేను. చేతులైతే ఎత్తేవారు కాదు.

నీ రేసులో కూడా చెవి రేడియోలు ఉండవన్నావు కదా. అందుకే ఇదంతా రాస్తున్నాను అమ్మలూ. రేడియో లేనిచోట కారు దాకా వెళ్లి వచ్చేది ఎవరు? నువ్వే. సీసాలతో పాటు కారులోని మాట కూడా నీ దగ్గరే ఉంటుంది. ముందు ఎంతమంది ఉన్నారు, ఎంత తేడా, ఎదురుగాలి ఎక్కడ మొదలవుతుంది, అన్నీ అడిగి తేవాలి. "లీడరుకి ఏం చెప్పాలి సార్" అని నోరు తెరిచి అడుగు. నీళ్లు తీసుకుని ఊరికే వచ్చేయకు.

నా వైపు సంగతి ఒకటి నీకెప్పుడూ చెప్పలేదు. మాకు వాకీటాకీలు ఇచ్చిన కొత్తలో, ఒక వానరాత్రి బొబ్బిలి దాటి గజపతినగరం వైపు వస్తున్నాం. వంపులో చూస్తే ముందెక్కడో ఒక వ్యాగన్ చక్రం దగ్గర నిప్పురవ్వలు. డ్రైవర్ని పిలుద్దామంటే వాకీటాకీ చచ్చిపోయి ఉంది. ఛార్జింగ్ పెట్టని బ్యాటరీ నా చేతికిచ్చారు. ఎవరిచ్చారో ఇప్పుడెందుకులే. ఎర్ర దీపం ఊపాను, అంత వానలో వెనక్కి ఎవరు చూస్తారు? వ్యాన్‌లో ఉన్న బ్రేకు వాల్వు మెల్లగా తిప్పి గాలి వదిలాను. గేజిలో సూది పడింది. ముందు ఇంజనులో డ్రైవరు గేజి సూదీ పడింది. ఆయన అర్థం చేసుకుని బండి ఆపాడు. ఆ రాత్రి నా తరఫున మాట్లాడింది గాలి పైపే. కాకపోతే వానలో తడుస్తూ ఆ వ్యాగన్ దాకా నడిచి వెళ్లేసరికి నా కాళ్లు వణుకుతున్నాయి. ఇది మాత్రం అమ్మకి చెప్పకు.

అమ్మకి చెప్పకూడనిది ఇంకొకటుంది. 2011 టూర్‌లో టీవీ వాళ్ల కారు ఒకటి ఒక రైడరుని గుద్దితే, పక్కనున్న హూగర్‌ల్యాండ్ అనే ఇంకో రైడరు ఎగిరి ముళ్లకంచె మీద పడ్డాడు. 33 కుట్లు వేశారు. సాయానికొచ్చిన బళ్ల పక్కన తొక్కేటప్పుడు కూడా ఒళ్లు దగ్గర పెట్టుకో. అద్దానికీ టైరుకీ దూరంగా ఉండు.

చివరగా, నన్ను నవ్వించింది ఒకటి. టూర్‌లో ఆఖరున ఉన్నవాణ్ణి ఎర్ర లాంతరు అని పిలుస్తారట. రైలు చివరి పెట్టెకి కట్టే ఎర్ర దీపం నుంచి వచ్చిన పేరు. ముప్పై నాలుగేళ్లు ఆ దీపం కట్టిందే నేను! ఆ దీపమో, ఆఖరి పెట్టె ఇదేనని చెప్పే ఎల్.వి. బోర్డో కంటపడితే గానీ స్టేషను మాస్టరు బండి మొత్తం వచ్చిందని ఒప్పుకోడు. ఆ ఎర్ర లాంతరు వెనక కూడా ఒక బండి వస్తుందట, ఇక తొక్కలేమన్నవాళ్లని ఎక్కించుకోడానికి. చీపురు బండి అంటారు. 1910 నుంచీ ఉంది. అందులో ఎవరూ ఎక్కాలనుకోరు గానీ, అది లేకపోతే ఆ కొండల్లో వాళ్లని ఎవరు తెస్తారు?

నీకు గుర్తుందా, నువ్వు తొమ్మిదో తరగతిలో ఉండగా తెల్లారుజామున రామతీర్థం దాకా తొక్కేదానివి, నేను వెనకాల టీవీఎస్ మీద. నెల్లిమర్ల దగ్గర పంక్చరైంది. నా దగ్గర పంపు లేదు, ట్యూబు లేదు, ఉన్నదల్లా ఒక నీళ్ల సీసా, నాలుగు అరటిపళ్లు. నువ్వు గట్టు మీద కూర్చుని ఏడ్చావు, నేను అరటిపండు ఇచ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే, అంత పనికిమాలిన జట్టు కారు ఇంకెక్కడా ఉండదు.

ఈ ఉత్తరంతో పాటు పార్సిల్ పంపుతున్నాను. నువ్వుండలు అమ్మవి, మూడు టైరు లీవర్లు, చిన్న పంపు నావి. పంపు పనిచేస్తుందో లేదో నీ పాత సైకిలు మీద చూశాకే పెట్టాను.

జనవరి రేసుకి నేను వస్తాను, టికెట్టు తీసేశాను. నీళ్లిచ్చే చోట జట్టు తరఫున ఒకరు నిలబడొచ్చన్నావు కదా, ఆ పని నాకిమ్మని మీ కోచ్‌ని అడుగు. ఎన్నో కిలోమీటరు దగ్గరో, రోడ్డుకి కుడివైపో ఎడమవైపో ముందే రాయి. నీది నీలం సీసా అని తెలుసు. లీడరు అమ్మాయిది ఏ రంగో కూడా చెప్పు, రెండూ పట్టుకుంటాను.

ఆశీస్సులతో,
నాన్న