వెనుక చక్రాలకు బరువులు బిగించే ముందు

చిరంజీవి శ్రీనుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మిషిగన్‌లో మీ వాకిట మంచు నెట్టడానికి గడ్డి కోసే చిన్న ట్రాక్టరు ముందు పలక తగిలిస్తే వెనుక చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయని, అందుకే ఇనుప బరువులు తెప్పించానని నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి నా ధ్యాసంతా వాటిని బిగించే బోల్టుల మీదే ఉంది. నువ్వు చేసింది సరైన పనే. ముందు ఇరుసుకు అవతల వేలాడే పలకను ఎత్తినప్పుడల్లా వెనుక చక్రాల మీది భారం కొంత తేలిపోతుంది. ఇంజను తిప్పేది ఆ చక్రాలనే కనుక పట్టు తప్పేదీ అక్కడే.

అయితే ముందుగా బండితో ఇచ్చిన పుస్తకంలో వెనుక ఇరుసుకు ఎంత బరువు వరకు పెట్టవచ్చని వ్రాశారో చూడు. చక్రానికి 50 పౌండ్లు, అంటే సుమారు 23 కిలోలు అనుమతిస్తే అంతకు మించి పెట్టకు. గడ్డి కోయడానికే తేలికగా చేసిన గేరుపెట్టె అధిక భారాన్ని ఎక్కువ కాలం మోయలేదు.

మన ట్రాక్టరుకు మొదటిసారి బరువులు పెట్టించిన ఏడాది, వేసవి దుక్కుల్లో ఎడమ చక్రం నుంచి టకటకమని చప్పుడు వచ్చింది. పొలం పూర్తయ్యాక చూద్దామని రెండు రోజులు ఆగాను. ఆలోగా వదులైన బోల్టు రాపిడికి చక్రం రేకులోని రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి, చివరకు ఆ డిస్కునే మార్చవలసి వచ్చింది. అందుకే ఇంతగా చెబుతున్నాను.

బండిని సమతలంలో నిలిపి, తాళంచెవి తీసేసి, బ్రేకు వేసి, ముందు చక్రాలకు దిమ్మెలు అడ్డు పెట్టు. బరువు ఆనే చోట తుప్పూ మట్టీ గీకి శుభ్రం చేయి. మధ్యలో మట్టి పెళ్ల చిక్కుకుంటే ఎంత బిగించినా అది రాలిన రోజున బోల్టు వదులవుతుంది. చక్రం పై రంధ్రంలో ముందుగా మరలున్న ఒక పొడవాటి కడ్డీ దూర్చి, దానిమీదుగా బరువును జార్చుకుంటూ తీసుకెళ్లి ఆనించు. కింది రంధ్రాల బోల్టులు బిగిశాక ఆ కడ్డీ తీసి అసలు బోల్టు వేయవచ్చు. అలా చేస్తే బరువంతా చేతుల మీద పడదు, వేళ్లు నలగవు. రేకు వైపు వెడల్పాటి వాషర్లు వేయి. లోపలికి వచ్చిన బోల్టు కొన బండి చట్రానికి తగలకుండా, టైరుకు గాలి పట్టే వాల్వు మూసుకుపోకుండా దిమ్మెలు తీసి, బ్రేకు వదిలి, బండిని చేత్తో మెల్లగా నెట్టి చక్రం ఒక చుట్టు తిరిగేదాకా చూసుకో. రెండు వైపులా బరువు సమానంగానే ఉండాలి.

మన ఊళ్లో చేసినట్టు టైర్లలో నీళ్లు పట్టిస్తే చాలదా అని అడిగావు. అక్కడి చలికి ఆ నీళ్లు గడ్డకడతాయి. కాల్షియం క్లోరైడు కలిపితే గడ్డకట్టవు కానీ, ఆ ద్రావణం కారిందంటే రిమ్ము తుప్పు పడుతుంది. నీకు ఇనుప బరువులే మేలు.

బరువు పెరిగింది కదా అని వాలులో అడ్డంగా మాత్రం నడపకు, నాయనా. ఎక్కడం దిగడం నిలువుగానే సాగాలి. మంచు కాలం పోయాక బరువులు విప్పేయి, లేకపోతే మెత్తటి నేలలో గడ్డి మీద చాళ్లు పడతాయి.

మొదటి గంట పని కాగానే బండి ఆపి అన్ని నట్లూ మరోసారి బిగించి, ఆ తరువాతే నాకు ఫోను చేయి.

ఆశీస్సులతో,
నాన్న