పియానో గురువుల గురించి ఒక మనవి

సంపాదకులకు నమస్కారాలు.

చిన్నతనంలో కచేరీలు చేసి, పెద్దయ్యాక పాఠాలు చెబుతున్న పియానో కళాకారుల గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. వేదికకు దూరమైనవారు ‘చివరకు పాఠాలు చెప్పుకొంటూ కాలం గడుపుతున్నారు’ అన్న వాక్యం నన్ను బాధించింది. ఆరో ఏట పియానో ముందు కూర్చుని, ఇరవై ఏళ్లకు పైగా ఆ విద్యనే పిల్లలకు నేర్పుతున్న నాకు ఆ ‘చివరకు’ అన్న మాట అన్యాయంగా తోచింది.

1791లో వియన్నాలో పుట్టిన కార్ల్ చెర్నీ దాదాపు పదేళ్ల వయసులో ప్రసిద్ధ స్వరకర్త బీథోవెన్ దగ్గర శిష్యుడిగా చేరారు. తొలి పాఠాల్లో బీథోవెన్ ఆయన చేత సాధన చేయించింది అన్ని శ్రుతుల్లోనూ స్కేళ్లు (స్వరాలను వరుసగా ఎక్కుతూ దిగుతూ వాయించడం) మాత్రమే; చేతిని ఎలా నిలపాలో, అన్నిటికన్నా ముఖ్యంగా బొటనవేలిని ఎలా వాడాలో దగ్గరుండి చూపించారు. కచేరీలతో దేశాలు తిరిగే జీవితాన్ని చెర్నీ కోరుకోలేదు, యౌవనం నుంచే బోధనకు అంకితమయ్యారు. తరువాత గొప్ప పియానో కళాకారుడిగా పేరుపొందిన లిస్ట్‌కు బాల్యంలో డబ్బు తీసుకోకుండా నేర్పింది ఆయనే. ఆయన మరో శిష్యుడు లెషెటిట్‌స్కీ, లెషెటిట్‌స్కీ శిష్యుడు ష్నాబెల్, ష్నాబెల్ శిష్యుడు అమెరికన్ పియానో కళాకారుడు లియాన్ ఫ్లైషర్. 1960ల మధ్యలో కుడిచేతి రెండు వేళ్లు ముడుచుకుపోయినప్పుడు కూడా ఫ్లైషర్ పాఠం చెప్పడం మానలేదు. బీథోవెన్ చేతి నుంచి బయలుదేరిన ఆ విద్య ఇరవయ్యో శతాబ్దం దాకా నడిచి వచ్చింది పాఠం చెప్పిన గదుల గుండానే. కచేరీకీ బోధనకూ పొసగదన్నదీ నిజం కాదు: తొమ్మిదేళ్లకే, 1828లో, లైప్‌జిగ్ వేదిక ఎక్కిన జర్మన్ పియానో కళాకారిణి క్లారా షూమన్ 1878 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాఠాలు చెబుతూనే కచేరీలు చేశారు.

బాగా వాయించగలిగినవారు బాగా నేర్పగలరన్న నమ్మకం నాకూ ఉండేది. నా తొలి గురువు వేళ్లను ఎత్తెత్తి గట్టిగా కొట్టమనేవారు. పదిహేడో ఏట ముంజేతి నొప్పితో నెలల తరబడి పియానో ముట్టలేకపోయాను. తరువాతి గురువు వారాల పాటు ఒకే ఒక్క స్వరం వాయింపజేశారు. పియానో లోపలి సుత్తి తీగను తాకి వెనక్కి వచ్చాక వేలితో ఎంత నొక్కినా ఆ నాదం మారదనీ, వేలు నొక్కే మెట్టు ఎంత వేగంతో దిగిందన్నదే దాని బలాన్ని నిర్ణయిస్తుందనీ అప్పుడు తెలిసింది. అంతవరకూ నేను పడిన శ్రమలో సగం నాదం పుట్టిన తరువాత మెట్టును అదిమినందుకే ఖర్చయింది. ఆ సంగతి చిన్నప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఆ నొప్పి ఉండేది కాదు.

నేర్పడం మొదలుపెట్టాక మరో కష్టం ఎదురైంది. నా చేతులు అలవాటుగా చేసే పనిని ఏడేళ్ల పిల్లకు మాటల్లో చెప్పాలి. ఒక స్థాయి (ఒక ‘స’ నుంచి పై ‘స’ దాకా) వెడల్పు పియానో మీద సుమారు 16.5 సెంటీమీటర్లు, ఆ పిల్ల చేయి అంత సాగదు, నా చేయి చేసిన పనిని తనను చేయమనడం కుదరదు. పారిస్‌లో పాఠాలతోనే ప్రధానంగా జీవనం సాగించిన స్వరకర్త షోపాన్ అన్నీ తెల్ల మెట్లే ఉన్న సి మేజర్ శ్రుతితో కాక బి మేజర్ శ్రుతితో స్కేళ్లు మొదలుపెట్టించేవారు. అక్కడ పొడవైన వేళ్లు నల్ల మెట్ల మీద, పొట్టి వేళ్లు తెల్ల మెట్ల మీద పడి చేయి తనంతట తాను ఒదుగుతుంది. కాగితం మీద కష్టంగా కనిపించేది చేతికి సులువని కనిపెట్టడానికి శిష్యుల చేతులను ఏళ్ల తరబడి గమనించిన చూపు కావాలి. ఆ చూపు నాకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు.

పిల్లలను చేర్పించే తల్లిదండ్రులు గురువు ఎన్ని పరీక్షలు పాసయ్యారని అడుగుతారు. పాఠం జరుగుతుండగా ఒక్కసారి పిల్ల భుజాలు బిగుసుకున్నాయేమో, మణికట్టు వదులుగా ఉందో లేదో చూడమని వారికి నా విన్నపం. సంగీత కళాశాలలు కూడా వాయించడంతో పాటు, పెద్దల పర్యవేక్షణలో చిన్నపిల్లలకు పాఠం చెప్పే అభ్యాసాన్ని ప్రతి విద్యార్థికీ తప్పనిసరి చేయాలి.

మీ విలేఖరులు ఈ విషయం మీద మళ్లీ రాసేటప్పుడు, కచేరీలు ఎందుకు ఆగాయన్న ప్రశ్నతో పాటు, ఒక పియానో తరగతిలో గంటసేపు కూర్చుని అక్కడ ఏం నేర్పుతున్నారో కూడా రాయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పియానో ఉపాధ్యాయురాలు