న్యాయవాద సంస్థల వారసత్వంలో రాయని పేజీ

సంపాదకులు గారికి,

పేరుమోసిన పాత న్యాయవాద సంస్థలు తమ స్వర్ణోత్సవాలకో శతాబ్ది ఉత్సవాలకో వెలువరించే ప్రత్యేక సంచికలలో వ్యవస్థాపకుల చిత్రపటాలు, కక్షిదారులైన పెద్ద కంపెనీల పేర్లు, గెలిచిన వ్యాజ్యాల వివరాలు నిండుగా ఉంటాయి గాని, ఫీజు ఇచ్చుకోలేని ఎందరి తరఫున ఆ సంస్థ వకాల్తా వేసిందో చెప్పే పేజీ అరుదుగా కనిపిస్తుంది. అన్నిటికంటే ముందు అచ్చువేయవలసిన పేజీ అదేనని నా దృఢమైన అభిప్రాయం.

దీర్ఘాయువును తక్కువచేసి చూడడం నా ఉద్దేశం కాదు. లండన్‌కు చెందిన ఫ్రెష్‌ఫీల్డ్స్ సంస్థకు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌తో 1743లో మొదలైన అనుబంధం అంతకాలం నిలిచిందంటే, తరాలు మారినా కక్షిదారుల రహస్యాలనూ దస్తావేజులనూ భద్రంగా కాపాడిన క్రమశిక్షణ దాని వెనుక ఉండే తీరాలి. అయితే ఆ నమ్మకం డబ్బున్నవారికే పరిమితమైతే దానిని సమాజసేవ అనలేము.

ఈ విషయంలో గిడియన్ కేసు నాకు గొప్ప నిదర్శనంగా తోస్తుంది. 1961లో అమెరికాలోని ఫ్లోరిడాలో దొంగతనం అభియోగం మీద పట్టుబడిన క్లారెన్స్ గిడియన్ అనే పేదవాడు న్యాయవాదిని ఇప్పించమని కోరితే, మరణశిక్ష పడగల నేరాలకే ఆ సదుపాయమని కోర్టు నిరాకరించింది. తన వాదన తానే వినిపించుకుని అయిదేళ్ల శిక్షకు గురైన ఆయన జైలు నుంచి సుప్రీంకోర్టుకు పెన్సిల్‌తో పిటిషన్ రాసుకున్నారు. కోర్టు నియమించగా ఏబ్ ఫోర్టాస్ ఫీజు లేకుండా వాదించారు. ఆయన సంస్థలోని న్యాయవాదులు ఆ వాదనకు కావలసిన పరిశోధన చేసిపెట్టారు. తీవ్ర నేరారోపణ ఎదుర్కొనే నిరుపేదకు ప్రభుత్వమే న్యాయవాదిని ఇవ్వాలని 1963లో తీర్పు వచ్చింది. మళ్లీ జరిగిన విచారణలో, ఈసారి న్యాయవాది పక్కన ఉండగా, గిడియన్ నిర్దోషిగా విడుదలయ్యారు. ఫోర్టాస్ సంస్థకు అప్పటికి రెండు దశాబ్దాల వయసైనా లేదు. నేడు ఆర్నాల్డ్ అండ్ పోర్టర్ పేరుతో నడుస్తున్న ఆ సంస్థకు అంతకు మించిన వారసత్వం ఏముంటుంది?

ఇటువంటి సేవ ఒకరిద్దరు సీనియర్ల దయాగుణం మీద ఆధారపడితే వారితోనే ముగిసిపోతుంది. అందుకే వాషింగ్టన్‌లోని హోగన్ అండ్ హార్ట్‌సన్ సంస్థ 1970లో ఉచిత సేవకు ప్రత్యేక విభాగాన్నే ఏర్పాటుచేసింది. అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమాలు ఏటా కనీసం 50 గంటల ఉచిత సేవను ప్రతి న్యాయవాదికీ ఆశయంగా నిర్దేశిస్తూ, వసూలుకాని ఫీజు బాకీలను అందులో కలపరాదని స్పష్టం చేశాయి. విరాళాలిచ్చి ఫొటోలు దిగడం తప్పని నేననను. కాని న్యాయవాది మాత్రమే ఇవ్వగలిగినది కోర్టులో నిలబడే తన సమయం.

మన రాజ్యాంగంలో 1976లో చేరిన 39ఎ అధికరణ ఉచిత న్యాయ సహాయాన్ని ప్రభుత్వ బాధ్యతగా చేసింది. అంతమాత్రాన అనుభవమూ గ్రంథాలయమూ జూనియర్ల బలగమూ ఉన్న పెద్ద సంస్థలు పక్కకు తప్పుకోవడం న్యాయం కాదు.

పాత న్యాయవాద సంస్థల గురించి మీ పత్రిక కథనాలు ప్రచురించేటప్పుడు, ఉచితంగా చేపట్టే కేసులకు ఏటా ఎన్ని గంటలు కేటాయిస్తున్నారో, ఆ పనిని జూనియర్ల పని గంటలలో లెక్కిస్తున్నారో లేదో కూడా అడిగి, ఆ జవాబులను పాఠకులకు అందించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు