మార్జరీని మరిచారు

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లిషు రచయిత ఈవ్లిన్ వా 1934లో రాసిన ‘ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ డస్ట్’ నవల గురించి మీ ఆదివారం వ్యాసం చదివాను. అందులో మొగుణ్ణి పల్లెలో వదిలి లండన్‌లో వేరే వాడితో తిరిగే బ్రెండా ఉంది, ఆమె మొగుడు అమాయకుడు టోనీ ఉన్నాడు, ఆ వేరే వాడు బీవర్ ఉన్నాడు. బ్రెండా తోబుట్టువు మార్జరీకి మాత్రం ఒక్క వాక్యం దక్కలేదు. నవలలో అసలు చురక ఆమెదే కదా! బ్రెండాతో ఈ వ్యవహారం చెల్లదని చెప్పే మనిషి ఆమె. కానీ టోనీకి అన్యాయం జరుగుతోందన్న బాధకంటే, పోయిపోయి ఈ బీవర్‌గాడా అన్న చిరాకే ఎక్కువ. వాడికి ఉద్యోగం లేదు, తల్లి చాటు బిడ్డ, ఎవరు భోజనానికి పిలుస్తారా అని ఫోన్ దగ్గర కాచుకునే రకం.

మా దేవరకొండ వాడకట్టులో ఒకామె ఇట్లనే. పెళ్లయిన చెల్లె ఎవరితోనో తిరుగుతోందని తెలిసి, చింతకాయ తొక్కు నూరుతూ, చెయ్యి ఆపకుండా అడిగింది: "వానికి ఎకరం పొలమన్న ఉన్నదా?" నేను అప్పుడు పదేళ్ల పిల్లను. అందరూ నవ్వారు, నాకు అర్థం కాలేదు. మార్జరీని చదివాకే అర్థమైంది.

ఇంగ్లిషు సమాజపు పతనం అంటూ మీ వ్యాసకర్త రెండు కాలమ్‌లు నింపారు. అందులో నాలుగు లైన్లు మార్జరీకి ఇస్తే ఏం పోయేది?

- ఒక రిటైర్డ్ టీచర్, నల్లగొండ