కొండదారిలో మాకు తోడు నిలిచిన వారికి కృతజ్ఞతలు

గత నెల మా కుటుంబం మోటర్‌హోమ్‌లో, అంటే ఇల్లులా అమర్చిన బండిలో, చేసిన ప్రయాణంలో ఆరో రోజున, కొండదారి ఎక్కుతుండగా బండి మొరాయించింది. ఆ పగలూ రాత్రీ మమ్మల్ని ఆదుకున్న వారికి అప్పటి హడావుడిలో సరిగ్గా నమస్కారం కూడా పెట్టలేకపోయాను కనుక, ఈ నాలుగు మాటలూ వారి కంట పడతాయన్న ఆశతో రాస్తున్నాను.

తప్పు మాదేనని ముందే ఒప్పుకోవాలి. అంతకు రెండు రోజుల ముందు నుంచే ఇంజను దగ్గర కీచుమని శబ్దం వస్తూ ఉంటే, పాటల జోరు పెంచుకున్నామే తప్ప బానెట్ ఎత్తి చూసిన పాపాన పోలేదు. ఆ మధ్యాహ్నం బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది, స్టీరింగ్ బిగుసుకుపోయింది, ఆ వెంటనే వేడిని చూపే ముల్లు పైకి లేవసాగింది. మూడు జబ్బులు ఒకేసారి వచ్చాయని కంగారు పడ్డాను. బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు, స్టీరింగ్‌ను తేలిక చేసే పంపు, ఇంజన్ను చల్లబరిచే నీళ్ల పంపు, ఈ మూడింటినీ తిప్పేది ఒకే బెల్టనీ, అదే తెగిందనీ తర్వాత తెలిసింది.

లారీ డ్రైవరు గారూ, మీరు మా వెనక లారీ ఆపి, ఏమైందని అడగడానికి ముందే రెండు చెక్క దిమ్మెలు తెచ్చి మా వెనక చక్రాల కింద పెట్టారు. నేను చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోతే మణికట్టు పట్టుకుని ఆపారు. మూత బిగించి ఉన్నంతసేపు లోపలి ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవనీ, మూత తీసిన మరుక్షణం మరిగి మొహం మీదికి చిమ్ముతాయనీ మీరు చెప్పిన తీరు నాకింకా గుర్తుంది. మీరు ఆ క్షణాన లేకపోతే ఈ ఉత్తరం వేరొకరు రాయవలసి వచ్చేది.

కాస్త ఎగువన చదునైన చోట బండి నిలుపుకున్న దంపతులకు మా అమ్మగారి తరఫున కూడా కృతజ్ఞతలు. ఇంజను ఆగాక మేము బండిలోని ఫ్రిజ్‌ను గ్యాస్‌తో నడిచేలా మార్చి నిశ్చింతగా ఉన్నాము. ఆ రకం ఫ్రిజ్‌లో ద్రవం తన బరువుతోనే కిందికి జారుతూ తిరగాలి కాబట్టి, బండి ఒరిగి ఉంటే చల్లదనం సరిగా రాదని మీరు చెప్పేవరకూ మాకు తెలియదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండవలసిన అమ్మగారి ఇన్సులిన్‌ను ఆ రాత్రంతా మీ ఫ్రిజ్‌లో భద్రపరిచారు.

ఇక చీకటి పడ్డాక వచ్చిన మెకానిక్ గారు. మా దగ్గర అదనపు బెల్టు ఉందని గొప్పగా చూపిస్తే, మీరు దానిని పక్కన పెట్టి ముందుగా బెల్టు తిరిగే చక్రాలైన పుల్లీలన్నింటినీ ఒక్కొక్కటిగా వేలితో తిప్పి చూశారు. ఒకటి కదలలేదు. పాత బెల్టును కోసేసింది అదే, కొత్తదాన్నీ వదిలేది కాదు. పుల్లీ దొరకని ఆ చోట, మీరు అందులోని బేరింగు మీది మసి తుడిచి, టార్చి వెలుగులో 6203 అన్న అంకె చదివి, లోపల 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లని కొలిచి, సరిగ్గా అదే బేరింగును మీ పెట్టెలోంచి తీసి వైస్‌లో నొక్కి ఎక్కించారు. ఇంజను అందుకున్నాక, బ్యాటరీ మళ్లీ ఛార్జి అవుతోందనడానికి గుర్తుగా మీటరులో 14.2 వోల్టులు కనిపించినప్పుడు మా పిల్లలు చప్పట్లు కొట్టారు. మీరు మాత్రం అప్పటికే టైరు పక్కన వంగి, దాని పక్కభాగం మీది పగుళ్లు చూస్తున్నారు. ఏ వారంలో, ఏ ఏడాదిలో తయారైందో తెలిపే నాలుగంకెలు టైరు మీదే ఉంటాయని చూపించారు. అరుగుదల లేకపోయినా మా టైర్లకు వయసు మీరిందని తేలింది. ఇంటికి చేరగానే నాలుగూ మార్పించాను.

డ్రైవరు గారూ, మెకానిక్ వచ్చేవరకూ ఉంచుకోమని మీరు వదిలి వెళ్లిన దిమ్మెలు రెండూ మా దగ్గరే ఉన్నాయి. మీ పేరైనా అడగలేదు. ఒకదాని మీద నీలం రంగుతో గీసిన అడ్డగీత ఉంది. ఆ గుర్తు చెబితే చాలు, ఎక్కడికైనా తెచ్చి ఇస్తాను.