పండుగ రాకముందే అయిపోతున్న క్రిస్మస్

సంపాదకుల వారికి,

క్రిస్మస్ వ్యాపారమైపోయిందని ఏటా వాపోతుంటాం గానీ, అసలు దెబ్బ పడింది దాని కాలక్రమం మీద. సంప్రదాయం ప్రకారం పండుగ డిసెంబర్ 25న మొదలై పన్నెండు రోజులు సాగుతుంది, ఆపైన జనవరి 6న, తూర్పు జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన గుర్తుగా, జ్ఞానుల సందర్శన పండుగ. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల ఆగమన కాలం నిరీక్షణకు, పశ్చాత్తాపానికి. కతోలిక గురువులు అప్పుడు ఊదా వస్త్రాలు ధరిస్తారు, ఆదివార పూజలో మహిమ గీతం ఉండదు. ఆ రోజుల్లో పెట్టే ఆగమన వలయంలో, అంటే పచ్చని ఆకుల చక్రంలో, మూడు ఊదా కొవ్వొత్తులు, ఒక గులాబీది. వారానికొకటి వెలిగిస్తూ పోతారు, మూడో వారం గులాబీది.

ఈ లెక్క దుకాణానికి గిట్టదు. 25 దాటితే సరుకు తెగనమ్ముకోవాలి కదా! అందుకే 1939లో అమెరికాలో వర్తకుల కోరికపై అధ్యక్షుడు రూజ్వెల్ట్ థాంక్స్‌గివింగ్‌నే (నవంబర్ చివర్లో వచ్చే కృతజ్ఞతా పండుగ, క్రిస్మస్ బేరాలు ఊపందుకునేది దాని తర్వాతే) వారం ముందుకు జరిపాడు, క్రిస్మస్ బేరాలకు మరో వారం కలిసొస్తుందని. చివరికి ఎదురుచూడాల్సిన రోజుల్లో విందులు, పండుగ రోజుల్లో అలంకరణలు అటకెక్కడం.

కానుకలు మానండంటే ఎవరూ వినరు, వినాల్సిన పనీ లేదు. యేసు పుట్టుకను చూపే బొమ్మల పశువుల పాక పేర్చే పద్ధతి మార్చుకుంటే చాలావరకు సరిపోతుంది. డిసెంబర్ 24 రాత్రి దాకా బాలయేసు బొమ్మ పెట్టకుండా తొట్టి ఖాళీగా ఉంచాలి. జ్ఞానుల బొమ్మల్ని గదిలో దూరంగా పెట్టి, రోజూ కాస్త జరుపుతూ జనవరి 6కి పాక దగ్గరికి చేర్చాలి. అన్నీ మొదటి రోజే పెట్టేస్తే పిల్లలు రెండో రోజుకే అటు చూడరు.

– ఒక పాఠకురాలు